‘ఫలానా’ నుంచి ‘ఫులానో’ దాకా: ఇంటి నుంచే స్పానిష్

“ఫలానా వారి అబ్బాయి”, “ఫలానా వీధిలో ఇల్లు” అని రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. ఈ ‘ఫలానా’ అచ్చ తెలుగు మాట కాదు. అరబీలోని ‘ఫులాన్’ పార్సీ, ఉర్దూల మీదుగా మన నోటికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయింది. ఇదే మాట పడమటి దిక్కుకు ప్రయాణించి స్పెయిన్ కూడా చేరింది. పేరు చెప్పనక్కరలేని మనిషిని అక్కడివారు నేటికీ ‘ఫులానో’ అనే అంటారు. గోదావరి ఒడ్డున మనం ఒక మాట అంటుంటే, అదే మాటను వేల మైళ్ల అవతల మరొకరు అంటున్నారన్నమాట.

ఈ సంగతి ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఇంటర్మీడియట్ లేదా డిగ్రీ ముగించిన పిల్లలు ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్‌లో విదేశీ భాష నేర్చుకోవచ్చా అని అడగడం ఇటీవల మామూలైంది. అందులోనూ స్పానిష్ పేరు తరచుగా వినిపిస్తోంది. రాజమహేంద్రవరంలో జాంపేటలో ఉన్నా, దానవాయిపేటలో ఉన్నా, హైదరాబాద్ వెళ్లి హాస్టల్లో ఉండి చదివే వీలు అందరికీ ఉండదు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో దూరం, ఖర్చు రెండూ అడ్డే. అలాంటి ఇంటికి ఈ చదువు ఎంతవరకు పనికివస్తుంది? ఎక్కడ జాగ్రత్తపడాలి? వివరంగా చూద్దాం.

ఎవరి భాష?

స్పానిష్ పుట్టిల్లు స్పెయిన్. కానీ ఆ భాష మాట్లాడేవారిలో అత్యధికులు ఉన్నది మెక్సికో, కొలంబియా, అర్జెంటీనా, పెరూ వంటి అమెరికా ఖండాల దేశాలలో. 20 దేశాలకు అది అధికార భాష. మాతృభాషగా మాట్లాడేవారి సంఖ్య దాదాపు 50 కోట్లని అంచనా. ఐక్యరాజ్య సమితి ఆరు అధికార భాషలలో అరబీతోపాటు స్పానిష్ కూడా ఒకటి.

అరబీకీ స్పానిష్‌కూ ఉన్న చుట్టరికం ఇంకా పాతది. 711లో ముస్లిం సేనలు స్పెయిన్‌లో అడుగుపెట్టాయి. 1492 జనవరిలో గ్రనడా పతనమయ్యేదాకా, అంటే దాదాపు ఎనిమిది వందల ఏళ్లు, అక్కడ ఏదో ఒక భాగంలో ముస్లిం పాలన సాగింది. ఇబ్నె రుష్ద్ వంటి తత్వవేత్త 1126లో పుట్టింది కుర్తుబాలో, అంటే నేటి కోర్దొబాలోనే. ఆ నగరం పక్కన ప్రవహించే నది పేరు గ్వాదల్‌కివీర్. అరబీలో ‘వాదీ అల్ కబీర్’, అంటే పెద్ద నది. గోదావరి గట్టున ఉన్నవారికి ఆ పేరులోని గౌరవం వేరే చెప్పనక్కరలేదు.

చిత్రమేమంటే, స్పానిష్‌కు తొలి వ్యాకరణ గ్రంథాన్ని నెబ్రిహా అనే పండితుడు వెలువరించింది కూడా ఆ 1492లోనే. తర్వాత 1567లో అక్కడి ప్రభుత్వం అరబీ మాట్లాడడాన్నే నిషేధించింది. 1609 నుంచి 1614 వరకు ముస్లిం సంతతివారిని దేశం నుంచి పంపివేసింది. మనుషులను పంపగలిగారు గాని మాటలను పంపలేకపోయారు. స్పానిష్‌లో అరబీ మూలం గల మాటలు, వాటి నుంచి పుట్టినవి కలిపి సుమారు 4 వేలని పండితుల అంచనా.

వంటింట్లోనే పాఠం

ఆ మాటలలో చాలావరకు మన వంటింట్లో వినిపించేవే. చక్కెర వారికి ‘అసూకార్’. అరబీ ‘అస్సుక్కర్’ నుంచి వచ్చింది. ఆ అరబీ మాటకు, మన చక్కెరకు మూలం ఒక్కటే, సంస్కృతంలోని శర్కర. నూనె ‘అసైతే’, జైతూన్ మనకు తెలిసిన మాటే కదా, ‘అజ్జైత్’ దాని సోదరి. బియ్యం ‘అర్రోస్’, అరబీలో ‘అర్రుజ్’. బిర్యానీలో వేసే జాఫ్రాన్ అక్కడ ‘అసఫ్రాన్’. పత్తి ‘అల్గొదోన్’, అరబీలో ‘అల్ ఖుత్న్’. మన నారింజ వారికి ‘నరాంఖా’. ఇక్కడి నుంచి పార్సీ, అరబీల మీదుగా స్పెయిన్ దాకా వెళ్లిన పండు అది, పేరును కూడా వెంట తీసుకుపోయింది.

వంటింటి బయట చూసినా అంతే. ఖాజీ అనే మాట ‘అల్కాల్దె’ అయి, నేడు పట్టణ మేయర్‌కు పేరైంది. దివాను ‘అదువానా’ అయి, కస్టమ్స్ కార్యాలయమైంది. ‘ఓఖలా’ అనే మాట అక్కడ ప్రతివారి నోటా వినిపిస్తుంది. ‘అలా జరిగితే బాగుండు’ అని దాని అర్థం. ‘అల్లాహ్ తలిస్తే’ అనే అర్థమిచ్చే అరబీ పలుకుబడి నుంచి అది పుట్టిందని నిఘంటువులు చెబుతున్నాయి. అనేవారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

అయితే ఒక హెచ్చరిక. ‘అల్’ అని మొదలయ్యే ప్రతి మాటా అరబీ కాదు. ఆత్మను స్పానిష్‌లో ‘ఆల్మా’ అంటారు; అది లాటిన్ నుంచి వచ్చింది. పోలిక కనిపించగానే చుట్టరికం కలిపేయకుండా నిఘంటువు తిరగేయడం మంచిది.

తెలుగు చేసే సాయం

మాటల సాయం అరబీది, ఉర్దూది అయితే, వాక్యం దగ్గర సాయం చేసేది తెలుగు. ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకునేవారు తడబడే కొన్ని చోట్ల తెలుగువాడు సులభంగా దాటిపోతాడు.

మొదటిది ఇష్టాయిష్టాలు. ‘మె గుస్తా ఎల్ తె’ అంటే ‘నాకు టీ ఇష్టం’. ఇంగ్లీషులో ‘నేను’ అని మొదలుపెట్టాలి. స్పానిష్‌లో, తెలుగులో ‘నాకు’ అనే మొదలుపెడతాం. తల నొప్పిగా ఉందని చెప్పాలన్నా అంతే: ‘మె దువేలే లా కబేసా’. ఆ ‘మె’ మన ‘నాకు’.

రెండవది ‘ఉండడం’. ఇంగ్లీషులో ఒకే క్రియతో సరిపోయే చోట స్పానిష్‌లో రెండు క్రియలున్నాయి. ‘నేను టీచర్ని’ అనడానికి ఒక మహిళ ‘సోయ్ ప్రొఫెసోరా’ అంటుంది. ‘నేను ఇంట్లో ఉన్నాను’ అనడానికి ‘ఎస్తోయ్ ఎన్ కాసా’ అంటుంది. తెలుగులో మొదటి వాక్యానికి క్రియే లేదు. రెండవదానికి ‘ఉన్నాను’ ఉంది. కాబట్టి తెలుగులో ‘ఉంది, ఉన్నాను’ అని వచ్చేచోట చాలావరకు ‘ఎస్తోయ్’ వర్గం, క్రియ అక్కరలేని చోట ‘సోయ్’ వర్గం అని గుర్తు పెట్టుకోవచ్చు. ఇది ఆరంభానికి ఊతకర్ర మాత్రమే. ‘ఆమె పొడుగ్గా ఉంటుంది’ వంటి వాక్యాల దగ్గర ఈ సూత్రం పనిచేయదు, అక్కడ ‘సోయ్’ వర్గమే వాడాలి.

మూడవది, క్రియలోనే మనిషి తెలిసిపోవడం. ‘మాట్లాడతాను’ అంటే ‘నేను’ అని వేరే చెప్పనక్కరలేదు. వారి ‘ఆబ్లో’ కూడా అంతే. ‘ఆబ్లామోస్’ అంటే ‘మాట్లాడతాం’. నాలుగవది మర్యాద. చిన్నవారిని, చనువున్నవారిని ‘తూ’ అని, పెద్దలను, కొత్తవారిని ‘ఉస్తెద్’ అని పిలుస్తారు. నువ్వు, మీరు తేడా తెలిసిన పిల్లలకు ఇది వేరే నేర్పాలా?

ఉచ్చారణ కూడా మనకు అనుకూలమే. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ ఐదే. త, ద మన త, దల మాదిరే పళ్లకు తగులుతూ పలుకుతారు. ‘రేపు’ అనే అర్థమిచ్చే ‘మఞానా’లోని శబ్దం మన అక్షరమాలలోని ‘ఞ’. ఇంగ్లీషు ‘జె’ అక్షరాన్ని వారు ‘ఖుదా’లోని ఖ లాగా గొంతులోంచి పలుకుతారు. ఉర్దూ, అరబీ చదివిన పిల్లలకు అది కొత్త కాదు. ‘హెచ్’ అక్షరం మాత్రం రాస్తారు గాని పలకరు.

ఇక లింగభేదం. నిర్జీవ వస్తువులకు కూడా స్త్రీ, పురుష లింగాలుంటాయనే పద్ధతి ఉర్దూ తెలిసినవారికి అలవాటే. కాని ఉర్దూ లెక్క ఇక్కడ నడవదు. మనకు కితాబ్ స్త్రీలింగం, ఘర్ పుంలింగం. స్పానిష్‌లో పుస్తకం ‘ఎల్ లీబ్రో’ పుంలింగం, ఇల్లు ‘లా కాసా’ స్త్రీలింగం. అందువల్ల ప్రతి నామవాచకాన్ని దాని ‘ఎల్’ లేదా ‘లా’తో కలిపే బట్టీ పట్టాలి.

ఎక్కడ చదవాలి?

తెలుగు నేలపై స్పానిష్‌ను డిగ్రీ స్థాయిలో నేర్పే పెద్ద సంస్థ హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. 1958లో ఇంగ్లీషు బోధనా సంస్థగా మొదలై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. దూరవిద్యలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ‘స్పానిష్ భాష, సంస్కృతి’ పేరిట సర్టిఫికెట్ కోర్సు ప్రవేశపెట్టింది. విదేశీ విశ్వవిద్యాలయాలలో స్పెయిన్‌లోని వాలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం ఎడెక్స్ వేదికపైన, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ కోర్సెరా వేదికపైన ప్రారంభ స్థాయి పాఠాలు పెట్టాయి. ఇటువంటి వేదికలలో పాఠాలు ఉచితంగా చూసే వీలు, సర్టిఫికెట్‌కు మాత్రం రుసుము అనే పద్ధతి ఎక్కువ. చేరేముందు ఆ సంవత్సరపు నిబంధనలు స్వయంగా చూసుకోవాలి.

వాలెన్సియా పేరు వచ్చింది కాబట్టి డెల్టావారికి ఒక ముచ్చట. అదీ వరి పండే నేలే, అదీ కాలువల దేశమే. పంటకాలువను వారు ‘అసేకియా’ అంటారు. అరబీ ‘అస్సాకియ’ నుంచి వచ్చిన మాట. ఆ కాలువల నీటి తగాదాలు తీర్చే రైతు న్యాయస్థానం ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు అక్కడి పెద్ద చర్చి గుమ్మం దగ్గర కూర్చుంటుంది. ఆ ఆచారం ముస్లింల కాలం నుంచి వస్తున్నదని చెబుతారు. 2009లో యునెస్కో దానిని మానవాళి వారసత్వంగా గుర్తించింది.

ఎంతకాలం, ఎంత ఫలం?

ఇక్కడ తల్లిదండ్రులు కొంచెం శ్రద్ధగా వినాలి. యూరప్ భాషల స్థాయిలను ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరుగా విభజించారు. ప్రారంభ కోర్సు సాధారణంగా ఎ1 దగ్గర ఆగుతుంది. పేరు, ఊరు, కుటుంబం, అంకెలు, సమయం, బజారు బేరం, ఇంతవరకే. దానికి 60 నుంచి 90 గంటలు పడుతుందని సాధారణ లెక్క. రోజుకు ముప్పావుగంట కేటాయిస్తే నాలుగు నెలల పని.

ఎ1 సర్టిఫికెట్ ఒక్కటి చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. అనువాదం, ఖాతాదారుల సేవ వంటి పనులకు సాధారణంగా బి2, అంతకు పైస్థాయి కావాలి. అమెరికా విదేశాంగ శాఖ తన సిబ్బందికి స్పానిష్‌లో పనికివచ్చే ప్రావీణ్యం రావడానికి 600 నుంచి 750 తరగతి గంటలు లెక్కకట్టింది. రోజుకు గంట చొప్పున అది దాదాపు రెండేళ్లు. “మూడు నెలల్లో స్పానిష్, ఆపైన ఉద్యోగం గ్యారంటీ” అని ఎవరైనా వేలకు వేలు అడిగితే, ఈ లెక్క వారి ముందు పెట్టండి.

డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగాలి. కోర్సు ముగిసేసరికి ఏ స్థాయి వస్తుంది? పిల్లల మాట విని తప్పులు దిద్దే ఉపాధ్యాయులు ఉన్నారా, లేక వీడియోలు మాత్రమేనా? ఇచ్చే సర్టిఫికెట్‌ను బయట ఎవరైనా గుర్తిస్తారా? స్పెయిన్ విద్యాశాఖ తరఫున సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే ‘డెలె’ పరీక్షకు ప్రపంచమంతటా గుర్తింపు ఉంది. ఆ పత్రానికి గడువు కూడా లేదు. ఆ సంస్థ ఢిల్లీ కేంద్రం 2009లో ప్రారంభమైంది. కోర్సు ఎక్కడ చదివినా, లక్ష్యం మాత్రం అటువంటి పరీక్ష వైపు ఉండాలి.

ఇంటివారు చేయవలసింది

ఆన్‌లైన్ చదువులో మధ్యలో మానేసేవారే ఎక్కువ. అడిగేవారు లేకపోవడం దానికి పెద్ద కారణం. భాష కళ్లతో వచ్చేది కాదు, నోటితో రావాలి. గొంతు రికార్డు చేసి పంపే అభ్యాసాలు ఇలాంటి కోర్సులలో ఉంటాయి. ఇంట్లో అమ్మాయి పైకి చదువుతుంటే “ఏమిటా గోల” అనకుండా, రోజూ ఒక వేళ, ఒక మూల, ఫోనులో అంతరాయం లేని గంట ఆమెకు కేటాయించాలి. తమ్ముడితో అంకెలు చెప్పించినా, నానీ వంట చేస్తుంటే దినుసుల పేర్లు వల్లించినా అదీ అభ్యాసమే. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఆ భాష కూడా పక్కన మెరుగవుతుంది.

పలు భాషలు మనకు కొత్త కాదు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) పార్సీ నుంచి ఉమర్ ఖయ్యామ్‌ను తెలుగులోకి తెచ్చారు. అరబీ గ్రంథాలను స్పెయిన్‌లోని తొలేదో పండితులు 12, 13 శతాబ్దాలలో లాటిన్‌లోకి, స్పానిష్‌లోకి మార్చి యూరప్‌కు అందించారు. దానికి ముందే, 11వ శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో నన్నయ మహాభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. ఒక భాషలోని విద్యను మరో భాషకు అందించడం ఈ ఊరికి అలవాటైన పనే.

మన ఇంటి పిల్లలు తెలుగు, ఉర్దూ, అరబీ అక్షరాలు, ఇంగ్లీషు అనే నాలుగు తాళంచెవులతో పెరుగుతున్నారు. ఐదవ తలుపు తెరవాలనుకునే వారికి ఈ నాలుగూ పనికివస్తాయి. మొదటి నాలుగు నెలలు ఉచిత పాఠాలతో మొదలుపెట్టండి. ఆసక్తి నిలిచిందని తేలాకే రుసుము కట్టండి.