పొయ్యి పక్కనే ఫ్రిజ్‌!

పాల ప్యాకెట్టు, బియ్యం సంచి, ప్లాస్టిక్‌ కుర్చీ... వీటన్నిటికీ మూలం ఇథిలీన్‌, ప్రొపిలీన్‌ అనే రెండు వాయువులు. రసాయనశాస్త్రంలో వీటిని ఒలెఫిన్లంటారు. ఇవి తయారయ్యే కర్మాగారం భలే విచిత్రమైనది. ఓ చివర 850 డిగ్రీల సెల్సియస్‌ వేడి. మరో చివర అంటార్కిటికాలోనూ లేనంత చలి!

నాఫ్తానో ఈథేన్‌నో నీటి ఆవిరితో కలిపి కొలిమి గొట్టాల్లోకి పంపుతారు. అందులో అది ఉండేది సెకనులోపే. బయటికి రాగానే చల్లార్చాలి. ఆలస్యమైతే అప్పుడే పుట్టిన ఇథిలీన్‌ కాస్తా పాడైపోతుంది, గొట్టాలకు మసి పేరుకుంటుంది. చల్లార్చడం కష్టమేం కాదు. కానీ ఆ వేడంతా డబ్బు పోసి కొన్న ఇంధనమే కదా! అందుకే ఆ గొట్టాల చుట్టూ నీటిని పారించి, బాగా పీడనం ఉన్న ఆవిరిని పుట్టిస్తారు. ఆ ఆవిరి టర్బైన్లను తిప్పుతుంది. టర్బైన్లు శీతలీకరణ కంప్రెసర్లను నడుపుతాయి. అంటే, పొయ్యి వేడితోనే ఫ్రిజ్‌ నడుస్తోందన్నమాట.

చలినీ ఊరికే పోనివ్వరు. ఇథిలీన్‌ మరిగేది మైనస్‌ 104 డిగ్రీల దగ్గర. దాన్ని మిగతా వాయువుల నుంచి విడదీయాలంటే అంతగానూ చల్లబరచాలి. పని ముగించుకుని వెళ్లే మీథేన్‌, హైడ్రోజన్‌లు తమ చల్లదనాన్ని లోపలికొచ్చే వాయువుకు ఇచ్చి మరీ పోతాయి. ఎందుకంత పొదుపంటే, ఇక్కడ వేడి కన్నా చలే ఖరీదు.

ఏ వేడిని ఎటు మళ్లించాలో తేల్చే లెక్కకు పేరు ‘పించ్‌’ విశ్లేషణ. 1973 చమురు సంక్షోభం తర్వాత, ఆ దశకం చివర్లో లీడ్స్‌ విశ్వవిద్యాలయంలో బోడో లిన్‌హాఫ్‌ పరిశోధనతో రూపుదిద్దుకుంది. కర్మాగారంలో ఒక ఉష్ణోగ్రతకు పైన వేడి కొరత, కింద వేడి మిగులు ఉంటాయి. పై వేడిని కిందికి జారవిడిచారా, రెండు దెబ్బలు. పైన అదనంగా ఇంధనం కాల్చాలి, కింద అదనంగా చల్లార్చాలి.

అయితే అన్నిటినీ ఇలా ముడిపెట్టడంలో చిక్కూ ఉంది. ఒకచోట తేడా వస్తే మిగతా చోట్లా కుదుపే.

ఇప్పుడు మరో పరీక్ష. ఈ కొలిములు వదిలే కార్బన్‌ డయాక్సైడ్‌ తక్కువేం కాదు. అందుకే కరెంటుతో నడిచే కొలిమిని బీఏఎస్‌ఎఫ్‌, సాబిక్‌, లిండే సంస్థలు కలిసి 2024లో జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో ప్రయోగాత్మకంగా ప్రారంభించాయి. మంట లేకపోతే పొగా ఉండదు. మంచిదే. కానీ మామూలు కొలిముల్లో ఆ పొగ వేడి నుంచీ ఆవిరి వచ్చేది. అది లేనప్పుడు కంప్రెసర్లనూ కరెంటుతోనే తిప్పాలి. పాత లెక్కంతా మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సిందే!