ప్రమాదానంతరము కాళ్ళ బలహీనత – వెన్నెముక చికిత్స

మోటారు ప్రమాదమునకు లోనైన మనుష్యుడు ఒక్కొక్కప్పుడు పైకి గాయమేమియు లేకుండ ఇల్లు చేరును. రెండు మూడు దినములు గడచిన పిమ్మట మెట్లెక్కునప్పుడు మోకాలు కూలబడును. తెలియకుండగనే కాలి చెప్పు జారిపోవును. నడచునప్పుడు పాదము నేలను రాచుకొనును. ‘నరము పట్టినది, నూనె రాచిన తగ్గును’ అని ఇంటివారు సమాధానపడుదురు. ఇట్టి ఉపేక్షవలన కాళ్ళ శక్తి శాశ్వతముగా నశింపవచ్చును.

బలహీనతకు కారణము

వెన్నుపాము మెదడునుండి వెలువడి వెన్నుపూసల నడుమగల మార్గమున క్రిందికి దిగును. పెద్దవారిలో అది సాధారణముగా నడుము భాగపు మొదటి, రెండవ పూసలకడ ముగియును. అచ్చటినుండి గుఱ్ఱపుతోకవంటి నరముల కట్ట కాళ్ళకును, మూత్రాశయమునకును, మలద్వారమునకును పోవును. వాహనము దేనికైనను ఢీకొనినప్పుడు దేహము ముందునకు విసరబడి వెన్నెముక బలముగా వంగును. అప్పుడు పూస విరుగవచ్చును. లేదా పూసల నడుమ నుండు మెత్తని బిళ్ళ వెలికుబికి నరమును నొక్కవచ్చును. నొప్పిచేత కాలు కదల్పలేకపోవుట వేరు. నరము దెబ్బతిని కండరము పనిచేయకుండుట వేరు. వైద్యుడు కండరముల బలమును 0 నుండి 5 వరకు గుణించియు, స్పర్శజ్ఞానమును పరీక్షించియు, అవసరమును బట్టి ఎక్స్‌రే, సి.టి., ఎం.ఆర్.ఐ. తీయించియు ఈ భేదమును గుర్తించును.

ప్రమాదస్థలమున చేయవలసినది

వెన్నెముకకు దెబ్బ తగిలినదను అనుమానమున్నచో, అగ్నిప్రమాదము వంటి ఆపద లేనంతవరకు గాయపడినవారిని లేవనెత్తరాదు, కూర్చుండబెట్టరాదు. తల, మెడ, నడుము ఒకే వరుసలో కదలకుండ నుంచి 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను. సద్బుద్ధితో సాయపడిన వారికి 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము రక్షణ కల్పించుచున్నది. కావున భయపడి తొలగిపోరాదు.

ఆలస్యము చేయరాని లక్షణములు

1. కాలి బలహీనత నానాటికి హెచ్చుట, లేదా రెండు కాళ్ళును బలహీనమగుట.
2. తొడల లోపలి భాగమున, కూర్చుండు చోట తిమ్మిరి కలుగుట.
3. మూత్రము బిగియుట, లేదా మలమూత్రములు తెలియకుండ పోవుట.

వీనిలో ఏ ఒక్కటి కనిపించినను వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవలెను. కొందరికి అత్యవసరముగా శస్త్రచికిత్స కావలసియుండును.

కైరోప్రాక్టిక్ చికిత్స

1895లో అమెరికా దేశమునందలి డావెన్‌పోర్ట్ నగరమున డేనియల్ డేవిడ్ పామర్ ప్రారంభించిన ఈ పద్ధతిలో వెన్నెముక కీళ్ళను చేతులతో హఠాత్తుగా నొక్కుదురు. ఇతర దోషములు లేని నడుము నొప్పి కొందరికి దీనివలన కొంత ఉపశమించును. కాని ఇది విరిగిన పూసను అతుకజాలదు; నలిగిన నరమును బాగుచేయజాలదు. నొక్కునప్పుడు ‘టక్కు’మని వినవచ్చు శబ్దము పూస స్వస్థానమునకు చేరుటవలన కలుగునది కాదు, కీలులోని ద్రవమున వాయువు బుడగ కట్టుటవలన కలుగునది. విరిగిన పూసను ఇట్లు నొక్కినచో మరింత హాని కలుగవచ్చును. కనుక వైద్యపరీక్షకు ముందు వెన్నును విరిపించుట, త్రొక్కించుట, బలముగా మర్దన చేయించుట కూడదు. కాళ్ళలో బలహీనత యున్నంతవరకు, చికిత్స చేయు వైద్యుని అనుమతి లేనిదే ఎవరిచేతను వెన్నును నొక్కింపరాదు.

కోలుకొను విధము

తెగిన నరము తిరిగి పెరుగుట సంభవించినను, దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగును. అందుచేత కోలుకొనుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి మించియు పట్టును. ఈలోగా కండరములు క్షీణింపకుండ, కీళ్ళు బిగిసిపోకుండ ఫిజియోథెరపీ నిపుణుడు నేర్పిన వ్యాయామములు ప్రతిదినము చేయవలెను. పాదము వాలిపోవువారు దానికి తగిన పట్టీని ధరింపవలెను. స్పర్శ తెలియని పాదములను పుండ్లు పడకుండ నిత్యము పరిశీలించుకొనవలెను. వానిపై వేడినీటి కాపడము పెట్టరాదు.

మొదట పరీక్ష, పిమ్మట చికిత్స, అటుపై ఓర్పుతో కూడిన వ్యాయామము – ఈ క్రమమును తప్పక పాటింపవలెను.