దిగులును రక్తం చెబుతుందా?

పరీక్షలంటే గుండె దడదడలాడుతుంది కదా? ఆ దిగులును రక్తంలో కొలవవచ్చా? కొంతవరకే!

మన మూత్రపిండాల మీద టోపీల్లాగ రెండు చిన్న గ్రంథులుంటాయి. వాటి పేరు అడ్రినల్ గ్రంథులు. మనం భయపడితే మెదడు వాటికి కబురు పంపుతుంది. అవి కార్టిసాల్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. దాన్ని రక్తపరీక్షలో కొలుస్తారు.

కాని ఒక చిక్కుంది. కార్టిసాల్ పొద్దున లేచే వేళకు ఎక్కువ, అర్ధరాత్రికి తక్కువ. శ్రీరాంపూర్ గనుల్లో నైట్ షిఫ్ట్ చేసే కార్మికులకు ఈ లెక్క మారవచ్చు. సూదికి భయపడ్డా అది పెరుగుతుంది. అందుకే ఒక్కసారి తీసిన రక్తం చూసి "వీనికి దిగులుంది, వానికి లేదు" అని తేల్చలేరు.

కాబట్టి రిపోర్టు మంచిగున్నదని దోస్తు బాధను కొట్టిపారేయొద్దు. పక్కన కూర్చొని అడగండి. వార్డెన్ సారుకు చెప్పండి.