కచ్ నుంచి పెరూ దాకా

దక్షిణ అమెరికాలోని పెరూ తీరంలో 2011లో బయటపడిన అస్థిపంజరాన్ని చూస్తే ఎవరైనా తికమకపడతారు. నాలుగు కాళ్లు, వేళ్ల కొసన బుల్లి గిట్టలు. అయినా అది తిమింగలమే. వయసు 4.26 కోట్ల ఏళ్లు. నడిచే తిమింగలాల పుట్టిల్లు మాత్రం మన ఉపఖండం. పాకిస్తాన్ కొండల్లోనూ, గుజరాత్‌లోని కచ్‌లోనూ వాటి ఎముకలు దొరికాయి. కచ్ తిమింగలాలను 1970లలో వెలుగులోకి తెచ్చినవారిలో అశోక్ సాహ్ని ముఖ్యులు. మరి ఇక్కడి వంశం అంత దూరం ఎలా వెళ్లింది?

ఆఫ్రికా మీదుగా అన్నది 2019లో ఆ జంతువుకు పెరెగొసెటస్ అని పేరుపెట్టిన శాస్త్రవేత్తల జవాబు. అప్పట్లో ఆఫ్రికా, దక్షిణ అమెరికాల మధ్య దూరం ఇప్పటిలో సగమే. పైగా సముద్ర ఉపరితల ప్రవాహాలు పడమరకు సాగేవి కాబట్టి ఎదురీదే బాధ తప్పింది. ఇది అంచనాయే. కానీ టోగో, నైజీరియాలలోనూ ఆ కాలపు తిమింగలాల శిలాజాలు దొరకడం దానికి బలమిస్తోంది.

ఆఫ్రికా దాకా ఉన్న దారి టెథిస్ సముద్రం. ఉపఖండం నుంచి నేటి మధ్యధరా దాకా నీరు ఒకటే. తిమింగలాలంటే ఈదగలవు. నాణెంలా ఉండే ఏకకణ జీవి నమ్యులైట్‌కు ఆ శక్తి లేదు. ప్రవాహాలే దిక్కు. అయినా కచ్ సున్నపురాయిలోనూ, గిజా పిరమిడ్ల రాళ్లలోనూ దాని గుల్లలు కుప్పలుగా కనిపిస్తాయి. అవి పిరమిడ్ కూలీలు తినగా మిగిలిన పప్పుగింజలని, అవే రాళ్లయ్యాయని జనం చెప్పుకునేవారట. గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో అది నమ్మలేదు.

దాదాపు 2 కోట్ల ఏళ్ల కిందట అరేబియా ఫలకం యూరేషియాను ఢీకొనడంతో దారి మూసుకుపోవడం మొదలైంది. తర్వాత పదుల లక్షల ఏళ్లపాటు అడపాదడపా తెరుచుకున్నా చివరికి పూర్తిగా తెగిపోయింది. మధ్యధరా జీవులు ఒకవైపు, హిందూ మహాసముద్ర జీవులు మరోవైపు మిగిలాయి. ఒకప్పుడు పశ్చిమ టెథిస్‌లో కిటకిటలాడిన జీవవైవిధ్యం కాలక్రమంలో అరేబియా వైపు, ఆపైన ఇండోనేసియా వైపు జరిగింది.

ప్రకృతి మూసిన తలుపును 1869లో సూయజ్ కాలువ తెరిచింది. ఎర్రసముద్రం నుంచి వందల జాతులు మధ్యధరాలోకి చొరబడ్డాయి. వాటిలో ఒళ్లు ఉబ్బించే విషపు పఫర్ చేప జాలర్లకు పీడకలగా మారింది. అది వలలు కొరికేస్తుంది, తింటే ప్రాణం తీస్తుంది. 2020లో టర్కీ ప్రభుత్వం తోకకు ఇంత అని డబ్బులిచ్చి మరీ దాన్ని పట్టించడం మొదలుపెట్టింది.