రెండో ప్రాధాన్యత ఓటు ఎందుకంత కీలకం? పట్టభద్రుల ఎమ్మెల్సీ గెలుపు లెక్క ఇదీ!

హనుమకొండ: మామూలు ఎన్నికల్లో పక్కోడి కంటే ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలిచినట్టే. కానీ వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో లెక్కే వేరు. ఇక్కడ ఈవీఎం ఉండదు, బటన్ నొక్కే పని లేదు. బ్యాలెట్ పేపర్ మీద నచ్చిన అభ్యర్థి పేరు పక్కన 1, ఆ తర్వాత నచ్చినవాళ్లకు 2, 3 అని అంకెలు వేయాలి. చాలామంది 1 వేసి బయటికొచ్చేస్తారు. అభ్యర్థులు మాత్రం ఆ 2 కోసమే ఇల్లిల్లూ తిరుగుతారు. ఎందుకో చూద్దాం.

సగం దాటితేనే గెలుపు

ముందుగా చెల్లని ఓట్లను పక్కన పెడతారు. చెల్లిన ఓట్లను రెండుతో భాగించి ఒకటి కలిపితే వచ్చేదే కోటా. మొదటి ప్రాధాన్యత ఓట్లతోనే ఎవరైనా కోటా అందుకుంటే కథ అక్కడితో ముగుస్తుంది. లేదంటే ఎలిమినేషన్ మొదలవుతుంది. అందరికంటే తక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థిని తప్పించి, ఆయన బ్యాలెట్లలో 2 ఎవరికి వేశారో చూసి ఆ ఓట్లను వాళ్లకు కలుపుతారు. ఇలా ఒక్కొక్కరినీ తప్పిస్తూ పోతారు.

చిన్న ఉదాహరణ. చెల్లిన ఓట్లు 100 అనుకుందాం. కోటా 51. ఒకరికి 42, రెండో అభ్యర్థికి 35, మూడో అభ్యర్థికి 23 వచ్చాయి. మూడో అభ్యర్థి ఔట్. ఆ 23 మందిలో 19 మంది రెండో అభ్యర్థికి, ఇద్దరు మొదటి అభ్యర్థికి 2 వేశారు. మిగతా ఇద్దరు ఎవరికీ వేయలేదు. అంటే రెండో అభ్యర్థికి 54, మొదటి అభ్యర్థికి 44. ముందున్న మనిషి ఓడిపోయాడు!

2021లో ఏం జరిగింది?

2021 మార్చి 14న జరిగిన పోలింగ్‌లో 71 మంది బరిలో ఉన్నారు. చెల్లిన ఓట్లు 3,66,333. కోటా 1,83,167. మొదటి ప్రాధాన్యతలో పల్లా రాజేశ్వర్ రెడ్డికి 1,10,840, తీన్మార్ మల్లన్నకు 83,290, ప్రొఫెసర్ కోదండరాంకు 70,072 ఓట్లు వచ్చాయి. కోటా దరిదాపుల్లో కూడా ఎవరూ లేరు. దీంతో నల్గొండలో కౌంటింగ్ నాలుగు రోజులు సాగింది. మొదట 27,550గా ఉన్న పల్లా ఆధిక్యం, కోదండరాం ఎలిమినేషన్ తర్వాత 12,806కి పడిపోయింది. పల్లా గెలిచారు కానీ, రెండో ప్రాధాన్యత ఓట్లు సగానికి పైగా తేడాను మింగేశాయి.

పల్లా జనగామ ఎమ్మెల్యేగా గెలిచి రాజీనామా చేయడంతో 2024 మే 27న ఉప ఎన్నిక జరిగింది. ఈసారి 52 మంది పోటీ చేశారు. కోటా 1,55,095 కాగా, మొదటి ప్రాధాన్యతలో మల్లన్నకు 1,22,813, రాకేశ్ రెడ్డికి 1,04,248 ఓట్లు పడ్డాయి. మళ్లీ ఎలిమినేషనే దిక్కయింది. జూన్ 5న మొదలైన లెక్కింపు 7వ తేదీ రాత్రి మల్లన్న గెలుపుతో ముగిసింది.

అభ్యర్థుల వ్యూహం ఇదే

"మొదటి ఓటు మీవాళ్లకే వేసుకోండి, రెండోది మాత్రం నాకు వేయండి" అని అడగడం అందుకే. చివరి వరకు నిలిచే ఇద్దరు ముగ్గురి గెలుపోటములు, ముందే తప్పుకునే అభ్యర్థుల మద్దతుదారుల చేతిలో ఉంటాయి. ఇవాళ చిన్న అభ్యర్థిని తిడితే రేపు ఆయన బ్యాలెట్లలో 2 రాదు. అందుకే ఇక్కడ అభిమానులు ఎంతమంది అన్నదే కాదు, "ఈయనైనా పర్లేదు" అనుకునేవాళ్లు ఎంతమంది అన్నదీ ముఖ్యమే.

2 వేస్తే 1కి నష్టమా?

చాలామందికి ఉన్న డౌట్ ఇది. ఏ నష్టమూ లేదు. మీరు 1 వేసిన అభ్యర్థి పోటీలో ఉన్నంతసేపు మీ 2ని ఎవరూ చూడరు. ఆయన తప్పుకున్నాకే అది లెక్కలోకి వస్తుంది. 2 వేయకపోతే మాత్రం మీ ఓటు ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది.

డిగ్రీ ఉన్నా చెల్లని ఓట్లు!

అసలు బాధ ఇక్కడుంది. 2021లో 21,636 ఓట్లు చెల్లలేదు. పల్లాకు చివరికి మిగిలిన ఆధిక్యం కంటే ఇది ఎక్కువ. 2024లో చెల్లనివి 25,824. మొదటి ప్రాధాన్యతలో మల్లన్న ఆధిక్యం 18,565 మాత్రమే. అంటే డిగ్రీ చదివినవాళ్లు వృథా చేసిన ఓట్లు, అభ్యర్థుల మధ్య తేడాను దాటేశాయి.

ఫోన్‌లో లైక్ కొట్టినట్టు టిక్ పెడితే ఇక్కడ కుదరదు. ఈ జాగ్రత్తలు తప్పనిసరి:

* 1 అంకె కచ్చితంగా ఉండాలి, అదీ ఒక్కరికే. అది లేకుండా 2, 3 వేసినా లాభం లేదు.
* "ఒకటి" అని అక్షరాల్లో రాయొద్దు. అంకె మాత్రమే వేయాలి.
* పోలింగ్ కేంద్రంలో ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్నే వాడాలి. సొంత పెన్ను వద్దు.
* సంతకం, పేరు, నినాదం ఏది రాసినా ఓటు చెల్లదు.

2027కి ఇప్పుడే రెడీ కావాలి

ఈ సీటు ఆరేళ్ల గడువు 2027 మార్చితో ముగుస్తుంది. పట్టభద్రుల ఓటరు జాబితాను ప్రతిసారీ కొత్తగా తయారుచేస్తారు. పోయినసారి ఓటేశాం కదా అని ఊరుకుంటే పేరు ఉండదు. నియోజకవర్గంలో నివాసం ఉంటూ, అర్హత తేదీ అయిన నవంబర్ 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటినవాళ్లు ఫారం 18 నింపి ఇవ్వాలి. కాకతీయ యూనివర్సిటీ చుట్టూ రూముల్లో ఉండి ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్నవాళ్లలో ఎంతోమందికి ఈ అర్హత ఉంటుంది. నోటిఫికేషన్ల గురించి మండలిలో ఎవరు మాట్లాడాలో తేల్చేది వాళ్లే. కాకపోతే ముందు జాబితాలో పేరుండాలి, తర్వాత బ్యాలెట్ మీద అంకె సరిగ్గా పడాలి.