పాత సీడీల్లోని పలక మోత



మన వసతి గృహం బీరువాలో పాత వార్షికోత్సవాల సీడీలు పదకొండు ఉన్నాయి. పోయిన ఏడాది వార్డెన్ సారు వాటిని మా చేతికిచ్చి, "కంప్యూటర్లోకి ఎక్కించండయ్యా" అన్నారు. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే కాబట్టి మాకు అన్నీ తెలుసని సారు నమ్మకం. మేము చేసిన పొరపాటు ముందు చెప్తాము.

2007 నాటి సీడీని 64 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చి, పని అయిపోయిందనుకున్నాము. అందులో మన అన్నలు కొట్టిన పలకలున్నాయి. వింటే సన్నపుల్ల దెబ్బ ఖంగుమనలేదు, నీళ్లలో కొట్టినట్టుంది. చెవికి అంతగా తెలియదనుకున్న శబ్దాన్ని ఎంపీ3 తీసేస్తుంది. రేటు తగ్గించేకొద్దీ కోత పెరుగుతుంది. పలక దెబ్బలాంటి పదునైన శబ్దంలో అది ముందుగా బయటపడుతుంది. మళ్లీ ఎక్కిద్దామంటే సీడీ లేదు. శుభ్రం చేద్దామని పైనున్న పాత స్టిక్కరు పీకాము. మెరిసే పొర పేరు రాసే వైపే, పలుచని పూత కింద ఉంటుందని అప్పటికి తెలియదు. స్టిక్కరుతో పాటే అదీ ఊడొచ్చింది. ఆ పలకలు కొట్టిన అన్నల్లో ఒకాయన ఇప్పుడు లేడు.

మిగిలిన పదింటికి బుద్ధిగా నేర్చుకున్నాము. సీడీలో శబ్దం అంకెలుగా ఉంటుంది. సెకనుకు 44,100 కొలతలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానెళ్లు. అంటే సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. 2001లో వచ్చిన ఫ్లాక్ పద్ధతి ఒక్క అంకె కూడా పోకుండా వీటిని జిప్ ఫైలు మాదిరి మడిచిపెడుతుంది. ఇలాంటిదాన్నే లాస్‌లెస్ అంటారు. ఫైలు చాలాసార్లు దాదాపు సగానికి తగ్గుతుంది. ఇందులో 0 నుంచి 8 వరకు స్థాయిలున్నాయి. ఏది పెట్టాలని రెండు రాత్రులు వాదించుకున్నాము. దండగ! అన్నిట్లోనూ శబ్దం ఒక్కటే. పెద్ద అంకె పెడితే ఫైలు కాస్త చిన్నదవుతుంది, సమయం కాస్త ఎక్కువ పడుతుంది. మామూలుగా ఉండే 5 చాలు.

అసలు జాగ్రత్త సీడీని చదివేటప్పుడు కావాలి. డేటా సీడీకి ఉండే అదనపు తప్పుల దిద్దుబాటు పాటల సీడీకి లేదు. గీత పడిన చోట డ్రైవు పక్క అంకెలను చూసి మధ్యది ఊహించి పూరిస్తుంది, మనకు చెప్పదు. అందుకే విండోస్‌లో ఉచితంగా దొరికే ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో 'సెక్యూర్' పద్ధతి పెట్టాలి. అనుమానమున్న చోట అది మళ్లీ మళ్లీ చదువుతుంది.

తిరుపతిలో కొన్న అన్నమయ్య కీర్తనల సీడీ అయితే ఇంకో సాయం ఉండొచ్చు. అదే సీడీని ఎక్కించిన ఇతరుల ఫలితంతో 'యాక్యురేట్‌రిప్' పోల్చి చూపుతుంది. (రాగిరేకుల వల్ల అన్నమయ్య మాటలు, రాగాల పేర్లు దక్కాయి. ఆయన పాడిన బాణీ దక్కలేదు.) మన సీడీలు ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేవు, పోల్చేందుకు ఏమీ దొరకదు. కాబట్టి 'టెస్ట్ అండ్ కాపీ' నొక్కి రెండుసార్లు చదివించి, రెండు సీఆర్‌సీ అంకెలూ ఒకటేనా అని చూశాము. తేడా వస్తే ఇంకో డ్రైవులో పెట్టాము. 'నార్మలైజ్' తీసేయండి, అది శబ్దం హెచ్చుతగ్గులను మార్చేస్తుంది.

బజారులో అమ్మిన నూరు పాటల ఎంపీ3 సీడీలను మాత్రం ఫ్లాక్ చేయకండి. ఫైలు లావెక్కుతుందే గానీ పోయిన శబ్దం తిరిగి రాదు. ఉన్న ఫైళ్లను అలాగే కాపీ చేసుకుంటే సరి.

పది సీడీలూ ఇప్పుడు రెండు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. ఒకటి వార్డెన్ సారు గదిలో, ఇంకొకటి మా దగ్గర. 2007 బ్యాచ్ అన్నలూ! ఆ ఏటి సీడీ కాపీ మీలో ఎవరి ట్రంకు పెట్టెలోనైనా ఉంటే దయచేసి తీసుకురండి. స్టిక్కరు పీకకండి.