లోకల్ మాటకు బోనఫైడ్ ఏదీ?

గుమ్మడిదల నుంచి బొంతపల్లి మీదుగా బొల్లారం దాకా ఏ కంపెనీ గేటు ముందు నిలబడినా ఒక మాట చెవిన పడకుండా ఉండదు: లోకల్. ‘లోకలోళ్లకు కొలువులియ్యాలె’ అంటారు గేటు బయటివాళ్లు. ‘లోకలోళ్లయితే పండుగ పండుగకూ సెలవే’ అని గొణుగుతాడు లేబర్ కాంట్రాక్టరు. ‘లోకేషన్ పెట్టన్నా’ అంటాడు దారి తప్పిన లారీ డ్రైవరు. ఆ మాట ఎవరు వాడినా నాకు పేచీ లేదు. పేచీ అంతా దాని పుట్టుక మీద వాట్సాప్‌లో తిరిగే కథతోనే. ‘లోకల్’ మన ‘లోకం’ నుంచే పోయిందట. తెల్లవాళ్లు చివరి సున్నా తీసేసి ‘ల్’ తగిలించుకున్నారట. బాగా చదువుకున్నవాళ్లు కూడా దీన్ని గర్వంగా పదిమందికీ పంపుతున్నారు.

రెండూ పోలవని నేననను. పోలిక సాక్ష్యం కాదంటాను. సర్కారు కొలువుకు దరఖాస్తు పెట్టినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ముల్కీ నిబంధనలు పోయాక, రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఎవరు లోకలో తేల్చే పద్ధతి పెట్టింది. తెలంగాణకు 2018లో కొత్త ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం 95 శాతం ఉద్యోగాలు లోకల్ వాళ్లవే. అక్కడ ఎవరూ మీ యాస వినరు, ముఖం చూడరు. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారో బోనఫైడ్లు తెమ్మంటారు. మాటల విషయంలోనూ అంతే.

సరే, లోకల్ బోనఫైడ్లు బయటికి తీద్దాం. ఇంగ్లిషులోకి అది ఫ్రెంచి మీదుగా వచ్చింది. దాని వెనక లాటిన్ ‘లొకాలిస్’, ఆ వెనక ‘లొకుస్’. లొకుస్ అంటే చోటు, మన భాషలో జాగ. ఇంతవరకు ఏ డిక్షనరీ తిరగేసినా దొరుకుతుంది. అసలు కాగితం ఇంకా వెనక ఉంది. లొకుస్‌ను అంతకుముందు రోమన్లు ‘స్త్లొకుస్’ అనేవారు. ఇది ఊహ కాదు. పూర్వులు లొకుస్‌ను స్త్లొకుస్ అనీ, వ్యాజ్యమని అర్థమున్న ‘లీస్’ను ‘స్త్లీస్’ అనీ పలికేవారని ఫెస్టస్ అనే రోమన్ పండితుడి నిఘంటువులో ఉంది. జనం నోట ఆ ‘స్త్’ ఎప్పుడో ఊడిపోయినా, వ్యాజ్యాలు తీర్చే ఒక రోమన్ అధికారుల మండలి పేరులో మాత్రం పాత స్త్లీస్ శతాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది. ఆఫీసు కాగితాలు ఏ దేశంలోనైనా అంతే!

నోరు తిరగని జంట అక్షరం మొదట్లో ఉంటే అది అరిగిపోవడం మనకేమైనా కొత్తా? ఇక్కడి పలుకుబడిలో స్నానం ‘తానం’ అవుతుంది, స్టేషన్ ‘టేషన్’ అవుతుంది. ఒక్క మాటకే జరిగితే అనుమానించాలి. అదే తీరు ఉన్న రెండో మాటకూ జరిగితే దాన్ని సూత్రమంటారు. గుమ్మడిదల పిల్లల పాత బోనఫైడ్ల మీద జిన్నారం మండలం, మెదక్ జిల్లా అని ఉంటుంది. 2016 అక్టోబరులో జిల్లాలు మారాక తీసుకున్న కాగితాల మీద గుమ్మడిదల మండలం, సంగారెడ్డి జిల్లా. పిల్లవాడు వాడే, బడీ అదే. స్త్లొకుస్, లొకుస్ సంగతీ ఇంతే.

లోకం చదివిన బడి వేరు. లొకుస్‌లో ఉన్నది హ్రస్వ ఒకారం. తెలుగులో ఉన్నట్టు సంస్కృతంలో ఆ అక్షరమే లేదు. లోకంలోని ఓకారం పూర్వం ‘అఉ’ అనే జంట అచ్చు. అలాంటి జంట అచ్చు లాటిన్‌లోకి వచ్చేసరికి దీర్ఘ ఊకారంగా మారుతుంది. అంటే లోకానికి లాటిన్‌లో తోబుట్టువు ఉంటే దాని రూపం ‘లూకుస్’ అయి ఉండాలి. ఉంది కూడా! లూకుస్ అంటే దేవుడి తోపు. లిథువేనియా భాషలో ‘లౌకస్’ అంటే పొలం. ఈ మూడింటికీ మూలం వెలుగు. నర్సాపూర్ అడవిలో చెట్ల మధ్య ఒక్కోచోట ఎండ నేరుగా నేల మీద పడే తెరిపి కనిపిస్తుంది. ఈ మాటల తొలి అర్థం అదే. వెలుగున్నచోటే చూపు ఆనుతుంది కాబట్టి అవలోకనం, విలోకనం చూపుకు పేర్లయ్యాయి. లోకం ఆ తెరిపి నుంచి భూలోకం, పరలోకం దాకా పెరిగింది. లూకుస్ మాత్రం తెరిపిని వదిలేసి చుట్టూ ఉన్న చెట్లను పట్టుకుంది.

రోమ్‌లోనూ మన వాట్సాప్ పండితుల వంటివాళ్లు లేకపోలేదు. తోపులో చీకటి కదా, మరి పేరులో వెలుగెందుకు? వెలగదు గనకే లూకుస్ అన్నారని వాళ్లు తేల్చేశారు. ఒకటో శతాబ్దంలోనే క్వింటిలియన్ అనే పండితుడు ఈ వాదాన్ని ఎగతాళి చేశాడు. అడ్డగోలు వ్యుత్పత్తి చెప్పేవాళ్లను వెక్కిరించడానికి యూరప్‌లో నేటికీ ఇదే సామెత. పాపం వాళ్లు ధాతువు సరిగ్గానే పట్టుకుని కారణం తలకిందులు చేశారు. మనవాళ్లు ధాతువునే వదిలేశారు.

లొకుస్ సంతానం మన మధ్య చాలానే తిరుగుతోంది. రైలును లాగే లోకో, భుజం జారితే డాక్టరు రాసే డిస్‌లొకేషన్, కోర్టులో వినిపించే లోకస్ స్టాండై, తెలుగు మీడియంలో బిందుపథమని నేర్చుకున్న ఇంటర్ లెక్కల లోకస్ అన్నీ దానివే. సెలవులో వెళ్లిన డాక్టరుకు బదులుగా కూర్చునేవారిని ‘లోకమ్’ అంటారు. చోటు కాపాడేవాడని దాని భావం. అదే భావం ఫ్రెంచిలో లెఫ్టినెంట్ అయింది. అలొకేషన్ ఈ ఇంటిదే. ఇండస్ట్రియల్ ప్లాట్ల అలాట్‌మెంట్ కాదు, అది చీట్లు వేసే ‘లాట్’ నుంచి వచ్చింది. లాకర్ అసలే కాదు. జీతం చీటీలోని అలవెన్స్‌ది మరో విచిత్రం. మెచ్చుకోవడానికి ఒకటి, కేటాయించడానికి లొకుస్ వంశంలోది ఒకటి, రెండు లాటిన్ మాటలు ఫ్రెంచిలో కలిసిపోతే పుట్టింది. రెండు బళ్ల రిజిస్టర్లలోనూ పేరున్న పిల్లవాడన్నమాట. వీణ్ని ఏ జోన్లో వేస్తారో వేయండి.

చుట్టరికమే కావాలంటే నికరమైన చుట్టాలు ఉన్నారు. స్టేషన్, స్టాండ్, మన స్థానం ఒకే ధాతువు పిల్లలు. స్త్లొకుస్‌లోని ఆ పాత ‘స్త్ల’ను ఆధారం చేసుకుని దాన్ని స్థలంతో కలిపిన భాషావేత్తలూ ఉన్నారు. ఆ లెక్కన లోకల్‌కు వరసయ్యేది లోకం కాదు, రియల్ ఎస్టేట్ బోర్డుల మీద రోజూ కనిపించే స్థలం. ఇకమీదట ఇలాంటి ఫార్వర్డ్ ఏది వచ్చినా రెండు కాగితాలు అడగండి: ఆ మాట పాత రూపమేది? అదే మార్పుకు లోనైన ఇంకో మాట ఏది? రెండూ చూపలేని దరఖాస్తును పరిశీలనలోనే తిప్పి పంపండి.